దిగిపోయిన ప్రెసిడెంట్ల పద్దు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

ఈ సంవత్సరం మన విద్యార్థి సంఘం వారు జరిపిన చర్చాగోష్ఠిలో విషయం "అమెరికా అధ్యక్షులలో రావలసినంత పేరు రానివారెవరు?" అన్నది. సైన్సు వాడివి, నీకెందుకురా ఈ గొడవ అని మిత్రులు అంటున్నా వినక పేరిచ్చాను. నా వంతు రాగానే జిమ్మీ కార్టర్ అన్నాను. వెనక బెంచీ నుంచి ఒక మిత్రుడు లేచి, "రెండోసారి నిలబడి చిత్తుగా ఓడిపోయినవాడికి మళ్ళీ మార్కులేమిటి? జనం అప్పుడే దిద్ది ఇచ్చేశారు గదా!" అన్నాడు. హాలంతా చప్పట్లు. నాకు ఒక్క మాట కూడా తోచలేదు. వచ్చి కూర్చున్నాను. ఈ వ్యాసం ఆ రోజు బాకీ తీర్చుకోవడానికి రాస్తున్నదే.

సెలవులకు ఊరికి పోయినప్పుడు ఈ పరాభవం మా జేజినాయనతో చెప్పుకున్నాను. "ప్రెసిడెంట్లా? యా ఊరోళ్ళురా?" అన్నాడు. మా ఊళ్ళో ప్రెసిడెంటంటే పంచాయతీ ప్రెసిడెంటే మరి! అమెరికా అని చెప్పినాక కాసేపు ఊరుకుని, "యాడైనా అంతేలే. వాడు దిగిపోయినాక వచ్చే వానకు చెరువుకట్ట నిలబడిందా లేదా, అది చూడల్ల" అన్నాడు. లాబొరేటరీలో ఫలితం రావడానికి పట్టే వ్యవధిని లెక్కలోకి తీసుకోమని మా లెక్చరర్లు మూడేళ్ళుగా చెబుతున్నదీ ఇదే. నాలుగేళ్ళ పదవి ఒకటి, దాని ఫలితం పండే కాలం మరొకటి.

చరిత్రకారుల మార్కులూ స్థిరమైనవేం కావు. సి-స్పాన్ అనే అమెరికన్ టెలివిజన్ సంస్థ 2000లో చరిత్రకారుల చేత అధ్యక్షులందరికీ మార్కులు వేయించినప్పుడు యులిసిస్ గ్రాంట్‌ది 33వ స్థానం. 2021లో అదే సంస్థ లెక్కలో 20వ స్థానం. 1885లో చనిపోయిన మనిషి ఇరవయ్యొక్క ఏళ్ళలో పదమూడు మెట్లెక్కాడు! పేపరు అదే, దిద్దేవాళ్ళు మారారు. రీవాల్యుయేషనుకు దరఖాస్తు పెట్టుకునే మనకు ఈ సంగతి కొత్త కాదు.

గ్రాంట్ (1869-77) అంటే అవినీతిపరుల మధ్య కూర్చున్న అమాయకుడని చాలాకాలం చెప్పుకున్నారు. అందులో అబద్ధం లేదు. సారా పన్ను ఎగవేసిన 1875 నాటి కుంభకోణంలో ఆయన సొంత కార్యదర్శి మీదనే కేసు నడిచింది, తర్వాత కొట్టేశారు. అయితే 1870లో నల్లవారికి ఓటుహక్కు కాగితం మీదికి వచ్చినప్పుడు, ముసుగులు వేసుకుని రాత్రిపూట వాళ్ళను చంపి తిరిగిన కూక్లక్స్ క్లాన్ ముఠా మీద మొదట చెయ్యెత్తినవాడు ఈయనే. 1870లో న్యాయశాఖ ఏర్పడింది. 1871 ఏప్రిల్‌లో క్లాన్ మీద చట్టం వచ్చింది. అదే అక్టోబరులో దక్షిణ కెరొలినాలోని తొమ్మిది కౌంటీలలో హెబియస్ కార్పస్‌ను నిలిపివేసి, సైన్యాన్ని పంపి, వందలమందిని పట్టించాడు. ఆనాటి క్లాన్ నడుము విరిగింది.

మరి జేజినాయన పరీక్షలో? గ్రాంట్ తప్పాడు. 1875లో మిసిసిపీలో ఎన్నికల ముందు నల్లవారి మీద దౌర్జన్యం జరిగినప్పుడు సైన్యం పంపమని అడిగితే ఆయనే వెనుకాడాడు. ఆయన దిగిన 1877లోనే దక్షిణాదిన ఆ ప్రభుత్వాలకు సైన్యం అండ తీసేశారు. ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్ళు అక్కడ నల్లవారి ఓటు పేరుకే మిగిలింది. కట్ట తెగిందనే చెప్పాలి. కాని కట్టలోని రాళ్ళన్నీ కొట్టుకుపోలేదు. రాష్ట్రాధికారి తన హక్కులు కాలరాస్తే అమెరికా పౌరుడు నేటికీ కోర్టుకెక్కేది ఆ 1871 చట్టంలోని భాగం మీదనే. అందుకు సగం మార్కులన్నా వేయాలి.

చెస్టర్ ఆర్థర్ పేరు విన్నవారు మన కాలేజీలో పదిమంది ఉంటారో లేదో. పార్టీ మనుషులకు ఉద్యోగాలు పంచిపెట్టే ముఠాలో పెరిగినవాడు. 1881లో గార్‌ఫీల్డ్ అధ్యక్షుణ్ణి, ఉద్యోగం దొరకలేదని కక్ష పెట్టుకున్నవాడొకడు కాలిస్తే, ఆయన చనిపోయాక ఉపాధ్యక్షుడుగా ఉన్న ఆర్థర్ గద్దె ఎక్కాడు. ఇంకేముంది, పంచుకుతింటారనుకున్నారు. 1883 జనవరిలో ఆయన సంతకంతోనే పరీక్షలు పెట్టి ఉద్యోగాలిచ్చే చట్టం వచ్చింది! మొదట దాని కిందికి వచ్చినవి పదింట ఒక వంతు ఉద్యోగాలే. గ్రూప్ పరీక్షలకు రాత్రీపగలూ చదివే మిత్రులు ఆర్థర్‌ను ఒకసారి తలచుకోవచ్చు.

ఇక నా అసలు బాకీ. కార్టర్ జార్జియా రాష్ట్రంలో శెనక్కాయల రైతు. నౌకాదళంలో అణు జలాంతర్గాముల విభాగంలో పనిచేస్తూ, 1953లో తండ్రి పోతే ఉద్యోగం వదిలి ఊరికి వచ్చేశాడు. మేమూ శెనక్కాయలు వేసేవాళ్ళమే కాబట్టి నాది పక్షపాతమని అనుకుంటారేమో! రైతుబిడ్డగా అయితే నేను ఆయన మీద కోపం తెచ్చుకోవాలి. గిట్టుబాటు ధర కోసం 1979 ఫిబ్రవరిలో రైతులు ట్రాక్టర్ల మీద వాషింగ్టన్ దాకా వచ్చింది ఆయన ఏలుబడిలోనే. 1980 జనవరిలో, సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తాన్‌లో దిగాయని, ఆ దేశానికి పోవలసిన 1 కోటి 70 లక్షల టన్నుల ధాన్యాన్ని ఆపేశాడు. సోవియట్లు వేరేచోట కొనుక్కున్నారు. దెబ్బ సొంత రైతుకు తగిలింది. ఈ పద్దు ఖర్చులోనే రాయాలి.

జమ వైపు చూద్దాం. 1979లో అమెరికాలో ధరలు ఏడాదికి 13 శాతం పైన పెరుగుతున్నాయి. ఆ ఆగస్టులో కార్టర్ పాల్ వోల్కర్‌ను ఫెడరల్ రిజర్వుకు, అంటే మన రిజర్వు బ్యాంకు వంటిదానికి, అధిపతిని చేశాడు. వోల్కర్ వడ్డీలు పెంచుతాడనీ, వడ్డీలు పెరిగితే వ్యాపారాలు మూతపడతాయనీ, మరుసటి ఏడాదే ఎన్నికలనీ తెలియక కాదు. 1980 డిసెంబరు నాటికి బ్యాంకు వడ్డీ 20 శాతం దాటింది. నవంబరులోనే ఎన్నిక అయిపోయింది: రీగన్‌కు 489 ఎలక్టోరల్ ఓట్లు, కార్టర్‌కు 49. 1983కల్లా ధరల పెరుగుదల 3 శాతం దగ్గరికి దిగింది. 1984లో రీగన్ యాభై రాష్ట్రాలలో 49 గెలిచాడు. దుక్కి దున్ని విత్తనం వేసినవాడొకడు, కళ్ళం చేసుకున్నవాడింకొకడు. అయినా న్యాయం చెప్పాలి. 1982లో నిరుద్యోగం 10 శాతం దాటి జనం తిట్టిపోస్తున్నా రీగన్ వోల్కర్ చెయ్యి పట్టుకోలేదు, మరుసటేడు మళ్ళీ అతన్నే నియమించాడు. కలుపు తీసినవాడికీ కూలి ఇవ్వాలి గదా.

ఇంకొక పద్దు కంటికి కనిపించనిది. ఈజిప్టు, ఇజ్రాయెల్ 1948, 1956, 1967, 1973లలో నాలుగుసార్లు కొట్టుకున్నాయి. 1978 సెప్టెంబరులో సాదత్‌నూ, బెగిన్‌నూ కార్టర్ క్యాంప్ డేవిడ్‌లో పదమూడు రోజులు కూర్చోబెట్టాడు. ఇద్దరూ మూటాముల్లె సర్దుకుని లేచిపోబోతే బతిమాలి ఆపాడు. 1979 మార్చిలో సంధి అయింది. పాలస్తీనీయుల సమస్య తీరలేదు, అది నిజం. కాని ఆ రెండు దేశాల మధ్య అయిదో యుద్ధం ఈనాటికీ రాలేదు. జరగని యుద్ధంలో చావని సైనికుల పేర్లు ఎవరు రాసిపెడతారు? అందుకే ఈ పద్దుకు ఓట్లు రావు.

కార్టర్‌ను మెచ్చుకునేవాళ్ళు చాలామంది "అధ్యక్షుడుగా విఫలం, దిగిపోయాక మహానుభావుడు" అంటారు. నాకు నచ్చని మాట ఇదే. దిగిపోయాక ఆయన సంస్థ చేపట్టిన పనుల్లో నారికురుపు నిర్మూలన ఒకటి. చిన్నప్పుడు దిగుడుబావి నీళ్ళు తాగినవాళ్ళ కాలిలోంచి తెల్లదారం వంటి పురుగును పుల్లకు చుట్టి రోజుకింత లాగడం జేజినాయన కళ్ళారా చూశాడట. 1986లో ప్రపంచం మొత్తం మీద 35 లక్షల కేసులుండేవని అంచనా. 2024లో 15. ఇది చిన్న పని కాదు. కాని మన దేశం 1980ల మొదట్లోనే, కార్టర్ ఆ పని చేపట్టకముందే, సొంతంగా కార్యక్రమం మొదలుపెట్టింది. 1996లో చివరి కేసు, 2000లో విముక్తి పత్రం. ఆ జమ బావుల్లో మందు చల్లి, నీళ్ళు వడగట్టుకోవడం నేర్పిన మన ఆరోగ్య కార్యకర్తలది. ఆఫ్రికాలో జరిగినదానిలో పెద్ద వాటా కార్టర్‌కే ఇద్దాం, అయితే పౌరుడుగా. ఆ ఖాతా తెచ్చి ఈ ఖాతాలో కలిపితే 1977-81లో ఆయన చేసింది మరుగున పడిపోతుంది.

ఈ పండుగకు పోయినప్పుడు ఇదంతా జేజినాయనకు చదివి వినిపించాను. యుద్ధం రాలేదన్న చోట తల ఊపాడు. "దిగిపోయినాక మళ్ళీ సేద్యం చేసుకున్యాడా?" అని అడిగాడు. పదవిలో ఉండగా శెనక్కాయల వ్యాపారం తన చేతిలో ఉండకూడదని వేరేవాళ్ళకు అప్పగించాడనీ, 1981లో తిరిగొచ్చి చూస్తే దాదాపు పది లక్షల డాలర్ల అప్పు మిగిలి ఉందనీ, ఆ వ్యాపారం అమ్మేశాడనీ చెప్పాను. జేజినాయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"పది లచ్చలా! ఎరువులంగడి బాకీనా?" అన్నాడు.