బద్రుల్‌బుదూర్ నుండి ఇందుమతి వరకు

జానపద కథాలక్షణాలను బోధించేటప్పుడు ‘పాతాళభైరవి’ కథను ఒక పుటలో వ్రాయమని విద్యార్థులకు చెప్పటం మాకు అలవాటు. ఈ సంవత్సరం వచ్చిన వ్రాతలలో తోటరాముడు, నేపాళ మాంత్రికుడు, అంజి పేరు పేరునా కనిపించారు. ఇందుమతి మాత్రం చాలా పుటలలో ‘రాజకుమారి’గానే మిగిలిపోయింది. ఉక్కునగరం నుండి వచ్చే ఒక విద్యార్థిని తన పుట అడుగున ఒక ప్రశ్న చేర్చింది: “మాంత్రికుడు ఎత్తుకుపోయిన తరువాత ఆమె ఏమి చేసింది మేడమ్?” ఆనాడు తరగతిలో మేము తృప్తికరంగా చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇక్కడ వ్రాస్తున్నాము.

విజయా సంస్థ నిర్మించగా, కె.వి. రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు రచనతో ఈ చిత్రం 1951లో విడుదలైనది. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథల’తో పాటు అలాదీన్ కథ ఛాయలు కూడా ఇందులో స్పష్టంగా ఉన్నవి. ఆ అలాదీన్ కథ పాత అరబ్బీ ప్రతులలో లేదు. 1709లో అలెప్పో నగరవాసి హన్నా దియాబ్ పారిస్‌లో చెప్పగా, ఆంత్వాన్ గలాన్ దానిని ఫ్రెంచి భాషలో గ్రంథస్థం చేశాడు. అందులోని రాకుమారి పేరు బద్రుల్‌బుదూర్. ‘బద్ర్’ అంటే నిండు చంద్రుడని మా ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. తెలుగున ‘ఇందువు’ కూడా చంద్రుడే. ఇద్దరు నాయికలకూ ఒకే చంద్రుని పేరు!

పేరు నిలిచినది గాని, పని నిలువలేదు. గలాన్ కథలో మాంత్రికుడు రాకుమారిని భవనంతో సహా ఆఫ్రికాకు తరలించుకుపోతాడు. అలాదీన్ వెదకికొని వచ్చి ఆమె చేతికి ఒక చూర్ణం ఇస్తాడు. ఆపైన జరిగినదంతా ఆమె చేతుల మీదుగానే జరిగినది. చక్కగా అలంకరించుకొని, శత్రువును విందుకు పిలిచి, నవ్వుతూ మాట్లాడి, చూర్ణం కలిపిన పాత్రను తానే అందించినది. మాంత్రికుడు కూలేవరకు అలాదీన్ చాటుననే ఉన్నాడు. ఉపాయం అతనిదైనా, గుండెధైర్యం ఆమెది.

మన ఇందుమతి కూడా మాంత్రికునికి లొంగలేదు. ఆ దృఢత్వాన్ని తక్కువ చేయరాదు. అయితే కథను మలుపు త్రిప్పినది అంజి. మాంత్రికుని శక్తికి మూలమైన గడ్డాన్ని, రాకుమారి మెప్పు కోసమని నమ్మించి, తీయించివేస్తాడు. ఆ ఘట్టానికి మేమూ కడుపుబ్బ నవ్వినవారమే. కాని గమనించండి: ఎరగా ఆమె పేరు పనికివచ్చినది, ఆమె చేయి పనికిరాలేదు.

ఇదే కథ 1992లో డిస్నీ వారి బొమ్మల చిత్రంగా వచ్చినది. అందులోని జాస్మిన్ కోట దాటి వెళ్లగల సాహసి. తాను ఎవరో గెలుచుకునే బహుమానం కానని ఎదురు చెప్పగలది. అయినా, కార్మెన్ ఫాట్, కారెన్ ఐజెన్‌హవర్ అనే ఇద్దరు భాషాశాస్త్రజ్ఞులు 2016లో వెల్లడించిన లెక్క ప్రకారం, ఆ చిత్రంలోని సంభాషణలో స్త్రీలది 10 శాతమే. (లెక్కలనే నమ్ముకోరాదు. 1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’లో స్త్రీల వాటా 71 శాతం, నాయికకు మాత్రం నిద్రయే మిగిలినది.) పతాక సన్నివేశంలో జాస్మిన్ మాంత్రికుని పట్ల వలపు నటించి అతని చూపు మరల్చుతుంది. విషపాత్ర పోయి, నటన మాత్రం మిగిలినదన్నమాట. పిమ్మట ఆమె ఇసుక గడియారంలో బందీ అయి కూరుకొనిపోతుండగా, అలాదీన్ ఒక్కడే శత్రువును జయిస్తాడు. 2019లో నటీనటులతో మరల తీసినప్పుడు జాస్మిన్ తానే సుల్తాన్ అయినది. అంటే, 1709 నాటి కథకుడు ఆమె చేతికిచ్చిన బాధ్యతను తిరిగి ఇచ్చుటకు మూడు వందల ఏళ్లకు పైగా పట్టినది.

ఇవి వట్టి వినోద చిత్రాలే కదా అని కొందరు పెద్దలు అనవచ్చు. వధువు సమ్మతి లేనిదే నికాహ్ లేదని మనకందరకూ తెలుసు. అయినా వకీలు, సాక్షులు వచ్చి అడిగినప్పుడు, ప్రక్కనున్న ఖాలాయో ఫుప్పీయో ఆమె తరఫున “హాఁ” అనివేయటం మనం చూడనిదా? తెర మీద మౌనంగా ఉన్న రాకుమారిని చూచి పెరిగిన పిల్లకు ఆ మౌనమే మర్యాదగా తోస్తుంది.

ప్రశ్న వ్రాసిన విద్యార్థినిని చివరి ఘట్టం తానే తిరిగి వ్రాయమన్నాము. ఆమె వ్రాతలో ఇందుమతియే మంగలికత్తి తెప్పించి, మాంత్రికుని ఎదుట కూర్చుండి, తన చేతితోనే గడ్డం తీసినది. పదికి ఎనిమిది మార్కులు వేశాము. తగ్గించిన రెండూ అక్షరదోషాలకు.