కోత మీ జీతంతో మొదలుపెట్టండి

వ్యాపారం మందగిస్తే విశ్వాసి అయిన యజమాని ముందుగా ఆఫీసులో ప్రార్థన పెట్టిస్తారు. మంచిదే. అయితే అక్కడ కూర్చున్న అందరి మనసులోనూ ఉండేది ఒకటే: ఒకటో తారీఖున జీతం పడుతుందా? దానికి జవాబు పాస్టరుగారు చెప్పలేరు, మీరే చెప్పాలి.

అమెరికాలోని సెయింట్ లూయిస్ కేంద్రంగా పనిచేసే బ్యారీ వేమిల్లర్ అనే యంత్రాల తయారీ కంపెనీకి 2009లో ఆర్డర్లు ఒక్కసారిగా పడిపోయాయి. మనుషులు పాస్టరుకు వారంలో ఒక గంట దొరికితే యజమానికి నలభై గంటలు దొరుకుతారన్న ఆలోచన తనకు చర్చిలోనే కలిగిందని ఆ కంపెనీ అధినేత బాబ్ చాప్‌మన్ చెబుతుంటారు. ఉద్యోగులను తీసేయడానికి బదులు, పైనుంచి కిందిదాకా తలా నాలుగు వారాలు జీతం లేని సెలవు తీసుకోవాలని ఆయన నిర్ణయించారు. రిటైర్మెంట్ ఖాతాల్లో కంపెనీ వేసే వాటా ఆపారు. పెద్ద అధికారుల బోనస్‌లు ఆపారు. తన జీతాన్ని 8,75,000 డాలర్ల నుంచి 10,500కు దించుకున్నారు. అప్పుడు కాస్త నిలదొక్కుకున్న ఉద్యోగులు, ఇబ్బందిలో ఉన్న తోటివాళ్ల సెలవు వారాలను కూడా తామే తీసుకున్నారు. అలా చేయమని ఎవరూ అడగలేదు. పరిస్థితి చక్కబడ్డాక ఆపిన వాటాను కంపెనీ తిరిగి జమచేసింది.

దీన్ని ఉన్నదున్నట్టు మన దగ్గర దింపకండి. నెలకు పదిహేను వేలు తెచ్చుకునే మనిషికి నాలుగు వారాల జీతం పోతే ఇల్లు గడవదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఆంధ్రా రొయ్యల వ్యాపారం మీద పడ్డ దెబ్బ లాంటిది రేపు మీకూ తగలవచ్చు. అప్పుడు మీకు సగం, మేనేజర్లకు పాతిక శాతం కోసి, అడుగు జీతాలను ముట్టుకోకుండా లెక్క వేసి చూడండి. చాలకపోతేనే కిందికి దిగండి.

జీతం తగ్గించడం వేరు, ఎగ్గొట్టడం వేరు. కూలిని సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలంటుంది ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం. ఉద్యోగి జీతంలోంచి పట్టుకున్న పీఎఫ్‌ను తర్వాతి నెల 15లోగా కట్టకుండా వాడుకుని, చర్చిలో దశమభాగం వేసేవాళ్లు ఉన్నారు. ఆ కానుక ఎవరి డబ్బో వాళ్లే ఆలోచించుకోవాలి.

పుకార్లు రాకముందే అందరినీ పిలవండి. బ్యాంకులో ఎంత ఉంది, ఎన్ని నెలలు నెట్టుకురాగలం, ఏ ఆర్డరు పోయింది, ఏది రావచ్చు అన్నీ అంకెలతో చెప్పండి. ‘దేవుడు చూసుకుంటాడు’ అని అక్కడ ముగించకండి. మీ సిబ్బందిలో హిందువులుంటారు, ముస్లింలుంటారు. ప్రార్థనకు రావడం, రాకపోవడం వాళ్ల ఇష్టమని గట్టిగా చెప్పండి. ఉద్యోగం పోతుందన్న భయంలో ఉన్నవాడికి మీ ఆహ్వానం ఆజ్ఞలాగే వినిపిస్తుంది.

తొలగింపు తప్పకపోతే నెల ముందు నోటీసు ఇవ్వండి. ఏడాది నిండిన కార్మికుడికి, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం చట్టప్రకారమే రావాలి, అది మీరు చేసే దయ కాదు. తొలగింపు మాట వాట్సాప్‌లో పంపకుండా ఎదుట కూర్చుని చెప్పండి. అనుభవపత్రం, పీఎఫ్ కాగితాలు ఆ రోజే చేతికివ్వండి. మీకు తెలిసిన నలుగురు వ్యాపారులకు ఫోన్ చేసి అతని గురించి చెప్పండి. ఆర్డర్లు మళ్లీ వచ్చినప్పుడు కొత్తవాళ్ల కోసం ప్రకటన వేసేముందు, వెళ్లినవాళ్ల జాబితా తీసి వరుసగా కబురు పంపండి.