పప్పన్నం, పార్కిన్సన్ మాత్ర

ఇవాళ ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి.

మా అత్తగారికి పార్కిన్సన్. పొద్దున్నే లెవోడోపా మాత్ర వేసుకుంటే కాసేపటికి వేళ్ళు మాట వింటాయి. చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీసేస్తారు, నాకన్నా చకచకా. అదే మాత్ర ముద్దపప్పు, గడ్డపెరుగు నిండుగా తిని వెంటనే వేసుకున్నారా, కుర్చీలోంచి లేవడానికే అవస్థ.

ఎందుకలా? ఈ జబ్బులో మెదడుకి కరువయ్యేది డోపమైన్. దాన్నే మందుగా ఇద్దామంటే మెదడులోకి పోదు. ఒంట్లో చాలాచోట్ల సన్నటి రక్తనాళాల గోడలు టాకాలు వేసిన గుడ్డలా సందులతో ఉంటాయి, మెదడులో మాత్రం మిషన్ కుట్టే. వెనకటికి ఎడ్విన్ గోల్డ్‌మన్ అనే ఆయన జంతువుల రక్తంలోకి నీలిరంగు ఎక్కిస్తే ఒళ్ళంతా నీలమైంది, మెదడుకి అంటలేదు. 1913లో అదే రంగు మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడు నీలమైంది, ఒళ్ళు కాలేదు!

లెవోడోపా అమైనో ఆమ్లం. అమైనో ఆమ్లాల్ని గోడ దాటించే వాహకాలు వేరే ఉన్నాయి, వాటితో లోపలికి వెళ్ళి డోపమైన్‌గా మారుతుంది. పప్పు, పెరుగు, గుడ్డు అరిగితే వచ్చేవీ అమైనో ఆమ్లాలే కదా! పేగు దగ్గరా, మెదడు దగ్గరా మాత్రకి వాటితో పోటీ తప్పదు. అందుకే భోజనానికి అరగంట ముందో, గంట తర్వాతో వేసుకోమంటారు. అలాగని పప్పు మానిపించెయ్యకండి, అసలే చిక్కిపోతుంటారు. వేళలు మార్చాలంటే డాక్టర్నే అడగండి.

అంత గట్టి గోడా వయసుతో, బీపీతో, షుగరుతో వదులవుతుంది. ఆల్జీమర్స్‌లో ఇంకానూ. రక్తంలోనే ఉండాల్సిన ప్రొటీన్లు లోపలికి కారితే మెదడుకి కాపలా ఉండే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోతాయి. ఇన్‌ఫ్లమేషన్ అనేది అదే. దాంతో గోడ ఇంకా దెబ్బతింటుంది. ముందు ఏది మొదలవుతుందో శాస్త్రవేత్తలే ఇంకా వాదించుకుంటున్నారు, మనకెందుకులెండి. మనకి కావలసింది ఇదీ: మెదడు జబ్బున్నవాళ్ళలో ఈ కణాలు ముందే ఉడికిపోతూ ఉంటాయి. ఎక్కడో యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, న్యుమోనియా వచ్చినా ఆ సెగ తలకి తగులుతుంది.

అప్పుడు, నిన్నటిదాకా మనవడి పరీక్షల గురించి అడిగిన మనిషి ఇవాళ మనవణ్ణే గుర్తుపట్టరు. కాసేపు మత్తుగా పడుకుంటారు, కాసేపు లేని మనుషులతో మాట్లాడతారు. మనం “చాదస్తం ముదిరింది” అని సరిపెట్టుకుంటాం. మతిమరుపు జబ్బు నెలల మీద, ఏళ్ళ మీద పెరుగుతుంది తల్లీ. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోతే అది డెలీరియం, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెద్దవాళ్ళలో జ్వరం కనబడకపోవచ్చు, మూత్రంలో మంట అని చెప్పకపోనూవచ్చు.

ఆల్జీమర్స్‌లో ఉండేది ఇన్‌ఫ్లమేషన్ కదా, దాన్ని తగ్గించే నొప్పి మాత్రలు రోజూ వేస్తే పోదా అంటారేమో. అలాంటి మాత్రలే నాప్రాక్సెన్, సెలెకాక్సిబ్ పెద్దవాళ్ళకి ఇచ్చి చూశారు, ఆల్జీమర్స్ ఆగలేదు. కిడ్నీలకీ కడుపుకీ చేటు అదనం.

పార్కిన్సన్ ఉన్నవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రలు, వేసే వేళలు రాసిన కాగితం వెంట ఉండాలి. లెవోడోపా ఉన్నట్టుండి ఆగితే ఒళ్ళు కొయ్యబారి ప్రాణం మీదికి రావచ్చు. ఇంకోటి, వాంతులకి మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేస్తుంటారు. అది గోడ దాటి వెళ్ళి, లోపల డోపమైన్ పని చెయ్యకుండా అడ్డుకుంటుంది. డాంపెరిడోన్ పెద్దగా దాటదు కాబట్టి, గుండె పరిస్థితి చూసుకుని దాన్ని ఇస్తారు. పార్కిన్సన్ ఉందన్న మాట కేసు షీటు రాసేటప్పుడే చెప్పెయ్యండి. రాత్రి డ్యూటీకి వేరే డాక్టరొస్తే మళ్ళీ చెప్పండి, మొహమాటపడకండి.