ఇంట్లో గొడవైన రాత్రి: చేయవలసినవి, చేయకూడనివి

మొగుళ్లపల్లి మండలంలో పత్తి వేసే ఏ ఇంటికైనా నవంబరులో వెళ్లి చూడండి. ముందరి అర్రలో పత్తి కుప్ప పోసి ఉంటుంది. కూర్చోవాలంటే మంచం కాస్త జరపాలి. ఆ మంచం కిందనో, దర్వాజ వెనకనో, గూట్లోనో సగం మిగిలిన పురుగుల మందు సీసా కూడా ఉంటుంది. పైసలు పెట్టి కొన్నదాన్ని పారబోయడానికి మనసొప్పదు. వచ్చే ఏడు పనికొస్తుందని దాచిపెడతాం.

అదే అర్రలో పొద్దుగూకినాక తండ్రికీ కొడుకుకీ మాటామాటా పెరుగుతుంది. ఫోన్ గురించో, కాలేజీ ఎగ్గొట్టినందుకో, బండి కొనియ్యమన్నందుకో. ఇలాంటి గొడవలు లేని ఇల్లు ఎక్కడా ఉండదు. మన దగ్గర మాత్రం గొడవ జరిగే చోటికీ మందు సీసాకీ మధ్య నాలుగడుగులే దూరం. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే. పిల్లలతో చెడిన సంబంధం బాగుపడటానికి ఏళ్లు పట్టొచ్చు, పట్టనీయండి. ఆ ఏళ్లు మనకు దొరకాలంటే ముందు ఆ ఒక్క రాత్రి ఇంట్లో అందరూ క్షేమంగా తెల్లవారాలి.

ముందు మందు సంగతి

1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి చేన్లను లద్దెపురుగు తినేసింది. మొగుళ్లపల్లి అప్పుడు ఆ జిల్లాలోదే, 2016 అక్టోబరులో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. అప్పు చేసి కొన్న మందు పురుగును చంపలేకపోయింది. అదే మందు తాగి జిల్లాలో ఎందరో రైతులు చనిపోయారు. ఆనాటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డారు. వాళ్ల పిల్లలు ఇంటర్ చదువుతున్నారు. తాత ఎలా పోయాడో ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పరు, పిల్లలకు మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

శ్రీలంక కూడా వ్యవసాయ దేశమే. అక్కడా పల్లెల్లో ఇదే బాధ ఉండేది. మరీ ప్రమాదకరమైన పురుగుల మందులను ఆ దేశం ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995తో పోలిస్తే 2015 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. అక్కడి తల్లిదండ్రులు పిల్లలను తిట్టడం మానలేదు, పిల్లలు అలగడమూ మానలేదు. కోపం వచ్చిన గడియలో చేతికి అందే విషం బలం తగ్గింది, అంతే. చాలామంది అలాంటి నిర్ణయం తీసుకునేది నిమిషాల్లో. ఆ నిమిషాలు దాటించగలిగితే మనిషి మిగులుతాడు.

అందుకని మందును ఇంట్లో పెట్టకండి. చేను దగ్గర గది ఉంటే అక్కడ ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి తండ్రి మొలతాడుకే ఉండాలన్న రూలేమీ లేదు. అప్పులతో ఆయనే కుంగిపోయి ఉంటే తల్లి దగ్గర ఉండాలి, ఇద్దరూ కుంగి ఉంటే నమ్మకమైన పక్కింటివాళ్ల దగ్గర. ఒక్కసారి కొట్టడానికి ఎంత కావాలో అంతే కొనండి. డీలరు రెండు లీటర్లు తీసుకుపొమ్మన్నా సరే. మందును కూల్‌డ్రింక్ సీసాలో ఎన్నడూ పోయకూడదు. గడ్డి మందు విషయంలో మరీ జాగ్రత్త, దానికి సరైన విరుగుడే లేని రకాలున్నాయి.

గొడవ నడుస్తుండగా

"పొద్దంత ఆ ఫోన్లనే పడి సస్తున్నవ్, నీకన్న పక్కింటి పోరడు నయం." ఈ మాట అననివాళ్లు తక్కువ. ఇంతవరకైతే పిల్లలు ముఖం మాడ్చుకుని ఊరుకుంటారు. దీని తర్వాత వచ్చే మాటలతోనే భయం. "నువ్వు పుట్టకున్నా బాగుండు", "ఏడనన్న పోయి సావు". అన్నవాళ్లు రెండో రోజుకు మరిచిపోతారు. పడ్డ పిల్ల ఇరవై ఏళ్లయినా మరిచిపోదు. కోపంలో ఏదైనా అనండి, చావు మాట మాత్రం తేవద్దు. పిల్లలే "మందు తాగి సస్త" అంటే "తాగు, చూస్త" అని పౌరుషానికి పోకూడదు. అది ఉత్త బెదిరింపేనా కాదా అని అంచనా వేయడం తల్లిదండ్రుల పని కాదు. అన్నారంటే నిజమనే నమ్మండి.

కల్లు తాగి వచ్చిన పూట పంచాయితీ పెట్టొద్దు. ఫోన్ నేలకేసి కొట్టొద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, రాత్రిపూట పిల్లను ఇంట్లోంచి వెళ్లగొట్టొద్దు. ఎవరో ఒకరు బయటికి నడవాల్సి వస్తే పెద్దవాళ్లే నడవాలి. "నేను బొడ్రాయి కాడ కూసొని వస్త, పొద్దుగాల మాట్లాడుదాం" అని చెప్పి వెళ్లండి. చెప్పకుండా వెళ్తే ఇంట్లో భయం మిగులుతుంది. చేను దగ్గరికి మాత్రం ఒక్కరే పోకండి. తాళం వేసిన పెట్టె అక్కడే ఉంది కదా, కోపం మీకూ ఉంటుంది.

తల్లి ఇద్దరి మధ్య నలిగిపోతుంది. కొడుకు తరఫున మాట్లాడితే "నీ గారాబంతోనే చెడిండు" అంటారు, భర్త తరఫున మాట్లాడితే కొడుక్కి ఇంట్లో ఇంకెవరూ మిగలరు. ఆ పూట తీర్పు చెప్పకండి అమ్మా. ఇద్దరికీ అన్నం పెట్టండి, వేర్వేరుగానైనా సరే.

మార్కుల గురించి ఒక మాట

ఇంటర్ ఫలితాలు వచ్చే వారం మన ఇళ్లలో చాలా ప్రమాదకరమైన వారం. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణం తీసుకున్నారు. ఆ ఫలితాల్లోనే తప్పులున్నాయని తర్వాత తేలింది. మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, మళ్లీ చూస్తే 99 వచ్చాయి. ఆ అమ్మాయి ఇంట్లో ఆ సాయంత్రం ఏం మాట్లాడుకున్నారో నేను ఊహించుకుంటూ ఉంటాను. సున్నా చూసి పిల్లను నమ్మారా, కాగితాన్ని నమ్మారా?

ఫలితాలకు ముందు రోజే పిల్లలతో చెప్పండి: "ఫెయిలైతే సప్లిమెంటరీ రాద్దువు, మార్కులు తేడా అనిపిస్తే రీవెరిఫికేషన్ పెడుదాం, ఇల్లు మాత్రం ఇదే." వచ్చాక చెప్తే ఓదార్పులా ఉంటుంది, ముందే చెప్తే ధైర్యంగా ఉంటుంది. గురుకులంలో, కస్తూర్బాలో, హైదరాబాద్ హాస్టల్లో ఉన్న పిల్లకు ఆ రోజు మీరే ఫోన్ చేయాలి. మార్కుల గురించి మొదటి మాట ఆమెనే చెప్పనీయండి.

ఆ రాత్రి

అన్నం ముట్టకుండా తలుపేసుకున్నా, తన వస్తువులు చెల్లికి ఇచ్చేస్తున్నా, "నన్ను మరిచిపోండి" అని స్నేహితులకు మెసేజీలు పెడుతున్నా ఒంటరిగా వదలొద్దు. లోపలి గొళ్లెం తీయించండి. బాపమ్మనో అక్కనో అదే అర్రలో పడుకోబెట్టండి. సూటిగా అడగండి: "సావాలనిపిస్తుందా బిడ్డా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని భయపడతాం. అలా పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది, బయటికి వస్తే సగం బరువు దిగుతుంది. టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది. పగలూ రాత్రీ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్ల మాట్లాడనంటే మీరే చేసి ఏం చేయాలో అడగండి.

జరగకూడనిది జరిగి, మందు తాగారని అనుమానం వచ్చినా సరే:

వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన బండిలో దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపోండి. అక్కడి నుంచి వరంగల్ ఎంజీఎంకు పంపాలా అన్నది డాక్టర్లు చూసుకుంటారు.

వాంతి చేయించొద్దు. ఉప్పు నీళ్లు, సబ్బు నీళ్లు, పేడ నీళ్లు తాగించొద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం.

ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మందు పడ్డ బట్టలు తీసేసి ఒళ్లు నీళ్లతో కడగండి. మీ చేతులకు కవరు తొడుక్కోండి.

సీసా, దాని మీది కాగితం డాక్టరుకు చూపించడానికి వెంట తీసుకుపోండి.

మనిషి మామూలుగానే మాట్లాడుతున్నాడని ఇంట్లో ఉంచుకోవద్దు. కొన్ని రకాల గడ్డి మందులు రోజులు గడిచాక ఊపిరితిత్తులను పట్టుకుంటాయి.

పోలీసు కేసవుతుందని భయపడి ఆర్‌ఎంపీ దగ్గర పొద్దు పుచ్చినవాళ్లున్నారు. ఆ భయం ఇక అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలంది, శిక్షించకూడదంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే పాత 309 సెక్షనే లేదు. ఆస్పత్రిలో వివరాలు రాసుకుంటారు, పోలీసులకు తెలుపుతారు. దానికి జంకి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

తెల్లారినాక

మన ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లలకు క్షమాపణ చెప్పరు. నోరు రాదు. మా నాయిన నన్ను కొట్టిన మర్నాడు పొద్దున్నే వచ్చి, ముఖం చూడకుండా, "తిన్నవా?" అని అడిగేవాడు. చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది, అదే ఆయన క్షమాపణ అని. నాకు అప్పుడే అర్థమై ఉంటే బాగుండేది. అందుకే ఇప్పటి తల్లిదండ్రులను ఒకటి కోరుతున్నాను. "తిన్నవా" అని అడగండి, దానికి ఇంకొక్క మాట కలపండి: "రాత్రి నేను ఆ మాట అనేది ఉండె కాదు." ఈ ఒక్క వాక్యం అన్నందుకు ఏ తండ్రి పెద్దరికమూ పోదు.

ముందు పెద్దవాళ్లే మాట కలపాలి. "వాడే వచ్చి అడగనీ" అని కూర్చుంటే ఆ మౌనం నెలల తరబడి సాగుతుంది. మాట కలిపిన రోజే ఫోన్ సంగతీ చదువు సంగతీ ఎత్తొద్దు. ఇద్దరూ కలిసి చేసే పని ఒకటి వెతకండి. చేనుకు నీళ్లు పెట్టడమో, పరకాల దాకా బండి మీద పోయి రావడమో. ఎదురెదురుగా కూర్చుంటే పెగలని మాట, పక్కపక్కన నడుస్తుంటే తేలిగ్గా వస్తుంది.

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి, బంగారమని ఇచ్చుకుని, మాటల్లేనివాళ్లు కూడా అలాయ్ బలాయ్ తీసుకుంటారు మనవైపు. ఎవరిది తప్పో తేల్చమని ఆ రోజు ఎవరూ అడగరు. ఏళ్ల తరబడి మాటల్లేని కొడుకు ఇంటికి జమ్మి పట్టుకుని మీరే వెళ్లొచ్చు. సద్దుల బతుకమ్మకు బిడ్డను పిలవడానికి అల్లుడి మీద కోపం అడ్డు రాకూడదు.

కులాంతర పెళ్లి చేసుకున్న బిడ్డలకు ఈ పిలుపు మరీ అవసరం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక తండ్రి, పరువు కోసమని, కూతురు ప్రేమించి పెళ్లాడిన యువకుణ్ని చంపించాడు. 2020లో ఆయనే ప్రాణం తీసుకున్నాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ ఇంట్లో కాపాడుకున్న పరువేదీ నాకు కనిపించదు. మీకు ఆ పెళ్లి నచ్చకపోతే మాట్లాడకండి, ఇంటికి రానీయకండి, అది మీ కోపం. తల్లి ఫోన్ మాత్రం ఆపకండి. నెలకోసారి "బాగున్నవా బిడ్డా" అనే దారి ఒకటి తెరిచి ఉంచండి.

కలపకూడని చోట

అన్ని గొడవలనూ కలపకూడదు. దెబ్బలు రోజూ పడుతున్న ఇంట్లో, అమ్మాయి ఒంటి మీద ఎవరో చేయి వేస్తున్న ఇంట్లో, పదహారేళ్లకే పెళ్లి చేస్తున్న ఇంట్లో పెద్దమనుషుల పంచాయితీ పనికిరాదు. అక్కడ సర్దుకుపొమ్మనడం అన్యాయం. పిల్లల కోసం 1098కి, ఆడవాళ్ల కోసం 181కి, అత్యవసరమైతే 112కి ఫోన్ చేయండి. పిల్ల చెప్తే "ఎవరికీ చెప్పకు" అనొద్దు, నమ్మండి. భూమి రాయించుకుని కొడుకు అన్నం పెట్టని ముసలివాళ్లకు 14567 నంబరు ఉంది, తల్లిదండ్రుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది కూడా తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య గొడవే. ఊళ్లో దాన్ని ఇంటి గుట్టుగా దాచేస్తున్నాం.

చదివిన అన్నలారా, అక్కలారా, ఇది మడిచి పక్కన పెట్టే ముందు లేచి మంచం కింద చూడండి. సీసా ఉంటే ఈ రాత్రే అక్కడి నుంచి తీసి తాళంలో పెట్టండి. 14416 అని గోడ మీద బొగ్గుతోనైనా రాసి పెట్టండి, పిల్లలకు కనిపించేంత పెద్దగా.