రింగ్ మూలలో ఎవరున్నారు?

బాక్సింగ్ సినిమా అంటే మనం పంచ్‌ల కోసం చూస్తాం. 2010లో డేవిడ్ ఓ. రసెల్ తీసిన 'ది ఫైటర్'లో మాత్రం రింగ్ మూలని చూడాలి. మూడు నిమిషాల రౌండ్ అయ్యాక బాక్సర్ ఒక్క నిమిషం అక్కడ కూర్చుంటాడు. నీళ్ళిచ్చేది, గాయం తుడిచేది, తర్వాత ఏం చేయాలో చెప్పేది ఆ మూలలో ఉన్నవాళ్ళే. పాత్రల మధ్య సంబంధాలు ఎలా చదవాలో నాకు అక్కడే అర్థమైంది.

మికీ వార్డ్ నిజంగా ఉన్న బాక్సర్. ఊరు అమెరికాలోని లోవెల్. అమ్మ ఆలిస్ మేనేజర్, అన్న డికీ ట్రైనర్. 1978లో షుగర్ రే లెనార్డ్‌తో ఆడి ఓడిపోయిన డికీ, ఆ ఫైట్‌లో లెనార్డ్ కింద పడ్డాడన్న ఒక్క విషయం చెప్పుకుంటూ బతుకుతుంటాడు. ఇప్పుడు డ్రగ్స్‌కి బానిస.

మొదట్లో ఒక ఫైట్. ప్రత్యర్థి రాలేదు. వాడి బదులు చాలా ఎక్కువ బరువున్నవాడు వచ్చాడు. ఆడకపోతే ఎవరికీ డబ్బులు రావు కాబట్టి అమ్మ, అన్న సరే అంటారు. దెబ్బలు మాత్రం మికీ ఒక్కడికే.

ఇక్కడ ఆలిస్‌ని విలన్ అనేస్తే కథ చిన్నదైపోతుంది. ఆమె ప్రేమ అబద్ధం కాదు, చేసిన నష్టమూ అబద్ధం కాదు. "నీ మంచికే" అన్న మాట మన ఇళ్ళల్లోనూ వింటాం. అది అన్నవాళ్ళని ప్రేమిస్తూనే, ఆ మంచి ఎవరిదని అడగొచ్చా? సినిమా అడుగుతున్నది ఇదే.

డికీ జైలుకి వెళ్ళాక మికీ కొత్త మనుషులతో, ప్రియురాలు షార్లీన్ అండతో గెలవడం మొదలుపెడతాడు. కానీ సాంచెజ్‌తో ఫైట్‌లో పనికొచ్చింది జైల్లో అన్న చెప్పిన ఉపాయమే. అందుకే అతను ఇంటివాళ్ళని వదిలెయ్యడు, పాత పద్ధతికీ ఒప్పుకోడు. డికీ, షార్లీన్ ఇద్దరూ తన మూలలో ఉండాలంటాడు. చివరికి డికీయే షార్లీన్ ఇంటికి వెళ్ళి రాజీ పడతాడు. 2000లో లండన్‌లో షే నియరీ మీద గెలిచిన రోజు అందరూ అక్కడే ఉంటారు.

కాబట్టి ఏ కుటుంబ కథ చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి: నిర్ణయం ఎవరిది? దెబ్బ ఎవరికి? కాదనే హక్కు ఎవరికుంది? మూడింటికీ ఒకే పేరు రాకపోతే అసలు సంఘర్షణ అక్కడుంది. ఈసారి క్లబ్ మీటింగ్‌కి ఆలిస్ వైపు నుంచి ఒక పేజీ రాసి తీసుకురండి. ఆమెని సమర్థించకుండా, తిట్టకుండా రాయాలి. కష్టమే, ప్రయత్నిద్దాం.