కాఫీ ఫిల్టరుకు బూజు ఎందుకు పడుతుంది?

కాఫీ అనగానే అందరికీ దాని కమ్మని వాసనే గుర్తుకు వస్తుంది. కాఫీ తీసే పాత్ర వాసన ఎవరూ చూడరు. నాలుగు రోజులు ఊరికి వెళ్ళి వచ్చి ఫిల్టరు మూత తీసినవారికి మాత్రం అది బాగా తెలుసు. సంక్రాంతి సెలవులకు ఫిల్టరును కడగకుండా వదిలి వెళ్ళి నేనూ ఒకసారి చూశాను. తడి పొడి మీద తెల్లగా నూగు, దాని మీద బూడిదరంగు మచ్చలు! హాస్టల్లో ఉన్నంతకాలం మనకు ఈ వస్తువుతో పని పడదు. ఉద్యోగం వచ్చి గది అద్దెకు తీసుకున్నాక కొనుక్కునే మొదటి సామాన్లలో ఇదొకటి. అందుకే ఈ నాలుగు మాటలు.

రొట్టె మీద పెరిగే రైజోపస్ గురించి మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఫిల్టరు బూజు కూడా శిలీంధ్రమే. సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటికి కావలసింది తేమ, ఆహారం, కాస్త వెచ్చదనం. భీమిలిలో తేమకు కొదవ లేదు, ఇక్కడ జాడీలో ఉప్పు కూడా నీరు కారుతుంది. వాడిన పొడి వాటికి ఆహారం. ఇక మూత పెట్టి ఉంచితే ఆరే దారి ఉండదు.

"కాఫీలో కెఫీన్ ఉంది కదా, క్రిములు చావవా?" అని కొందరు అడుగుతారు. 2015లో స్పెయిన్‌లోని వాలెన్సియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కాఫీ యంత్రాలలో చుక్కలు పడే ట్రేలను పరీక్షించారు. వాటిలో రకరకాల బాక్టీరియా కనిపించింది. కెఫీన్‌ను విడగొట్టగల సూడోమోనాస్ జాతి కూడా వాటిలో ఉంది. కాబట్టి కెఫీన్‌ను నమ్ముకుని కడగడం మానరాదు.

స్టీలు ఫిల్టరు అయితే పని సులువు. డికాషన్ దిగిన రోజే పొడిని మొక్కల మొదట్లో పారబోసి, వేడినీళ్ళతో కడగాలి. కాఫీ గింజలో నూనె ఉంటుంది. అది జిడ్డుగా అంటుకుని కొన్నాళ్ళకు ముక్క వాసన వస్తుంది. చన్నీళ్ళకు ఆ జిడ్డు పోదు. పై గిన్నెను వెలుతురుకు ఎత్తి చూడండి. చిల్లులు మూసుకుపోయి ఉంటే మెత్తటి బ్రష్షుతో అడుగువైపు నుండి రుద్దాలి. ఇత్తడి ఫిల్టరుకు చింతపండు మంచిదే కాని నానబెట్టి వదిలేయకూడదు, వెంటనే కడిగి తుడవాలి. లేకపోతే పచ్చగా చిలుము పడుతుంది.

కరెంటు కాఫీ మేకరులో అసలు చిక్కు నీటి తొట్టితో. నీరు లోపలి గొట్టంలోనే వేడెక్కుతుంది, తొట్టిలో చల్లగానే నిలుస్తుంది. అందుకే మరుగుతున్న కాఫీ వస్తున్నా తొట్టి గోడకు పాకుడు పట్టవచ్చు. మిగిలిన నీటిని రోజూ పారబోసి, మూత తెరిచి ఆరబెట్టాలి.

రెండో చిక్కు సున్నపు పొర. మన గోస్తనీ నది అనంతగిరి కొండల్లో బొర్రా గుహల దగ్గర నుండి వచ్చి ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఆ గుహల్లో వేలాడే రాతి ఊడలు నీటిలో కరిగిన కాల్షియం కార్బనేట్ పేరుకుని ఏర్పడినవే. బోరు నీరు పోసే కాఫీ మేకరు గొట్టంలోనూ అదే పదార్థం పేరుకుంటుంది. గుహకు వేల ఏళ్ళు పడితే గొట్టానికి కొన్ని నెలలు చాలు! గరుకైన ఆ పొరలో బూజు సులువుగా దాక్కుంటుంది. దీనికి మందు వెనిగర్. అందులోని ఎసిటిక్ ఆమ్లం సున్నంతో కలిసి కాల్షియం ఎసిటేట్‌గా మారి నీటిలో కరిగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా వెళ్ళిపోతుంది. ఒక వంతు వెనిగర్‌కు రెండు వంతుల నీరు కలిపి తొట్టిలో పోసి, సగం దిగాక యంత్రాన్ని ఆపి అరగంట ఉంచండి. మిగతాది దింపి, తరువాత ఉత్త నీటితో రెండు మూడుసార్లు నడపండి. వెనిగర్ లేకపోతే నిమ్మ ఉప్పు వేసిన నీరు కూడా పనిచేస్తుంది.

ఒక్క హెచ్చరిక. హాస్టళ్ళలో బ్లీచింగ్ పౌడరు అందుబాటులో ఉంటుంది. బూజు త్వరగా పోతుందని దానిని వెనిగర్‌తో గాని, నిమ్మ ఉప్పుతో గాని కలపకండి. క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూసిన గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదకు కూడా తెస్తుంది.

కాఫీ పొడికీ ఇదే జాగ్రత్త కావాలి. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత మంచి పొడిని తెచ్చి తడి చెంచా పెడితే ఏం లాభం? గడ్డకట్టి బూజు వాసన వచ్చిన పొడిని మరిగించి వాడవద్దు. వేడికి బూజు చచ్చినా, కొన్ని బూజులు వదిలే విషాలు మరిగించినా పోవు. చిన్న పొట్లమే కొని, బిగుతు మూత డబ్బాలో పోసి, చెంచాను విడిగా పెట్టుకోండి. సెలవులకు వెళ్ళే ముందు ఫిల్టరు భాగాలన్నీ విడదీసి, ఎండలో ఆరబెట్టి, గుడ్డ మీద బోర్లించి వెళ్ళండి.