కొల్లేటి పిట్టల లెక్క



ఫాల్గుణ మాసం వస్తే మనం పెద్దింట్లమ్మ తల్లి జాతరకు కొల్లేటికోట వెళ్తాం. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్తాం. దారి పొడుగునా నీళ్లు, గట్లు కనిపిస్తాయి. నీళ్లలో పిట్టలు గుంపులు గుంపులుగా ఉంటాయి. "అమ్మా, అదేం పిట్టే?" అని పిల్లవాడు అడుగుతాడు. "కొంగరా నాయనా" అంటాం. ముందుకు నడుస్తాం.

అన్నీ కొంగలేనా? కావు. ఒక్కో పిట్టకు ఒక్కో పేరు. ఒక్కో తిండి. వాటిని తెలుసుకోవడం కూడా సైన్సే. చూడటం, లెక్కపెట్టడం, రాయడం - ఈ మూడే సైన్సుకు మొదలు. చూడటం మనకు వచ్చు. లెక్కపెట్టడం వచ్చు. ఇప్పుడు రాయడం కూడా నేర్చుకున్నాం. ఇక కావలసింది ఒక పూట తీరిక.

మన కొల్లేరు

కొల్లేరు మంచినీటి సరస్సు. కృష్ణా డెల్టాకు, గోదావరి డెల్టాకు నడుమ పల్లంలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు దీనిలోకి నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీళ్లను సముద్రానికి తీసుకుపోతుంది. వానాకాలంలో వరద నీళ్లు ముందు కొల్లేట్లోకి చేరతాయి. ఆ తర్వాత మెల్లగా సముద్రంలోకి పోతాయి.

నీళ్లు లోతు తక్కువగా ఉంటే నడిచి తినే పిట్టలకు అనువు. చేపలు, నత్తలు, పురుగులు దొరుకుతాయి. అందుకే ఇన్ని పిట్టలు ఇక్కడికి వస్తాయి. కొన్ని ఏడాదంతా ఇక్కడే ఉంటాయి. కొన్ని చలికాలంలో దూర దేశాల నుంచి వస్తాయి. ఎండలు ముదిరేలోగా తిరిగి పోతాయి. ఇలా వచ్చి పోవడాన్నే వలస అంటారు.

ముక్కు చూస్తే తిండి తెలుస్తుంది

కైకలూరు పక్కనే ఆటపాక ఉంది. అక్కడ అటవీ శాఖవారు నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. వాటి మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి.

గూడబాతు ముక్కు కింద సంచి వేలాడుతుంది. అది నీళ్లతో సహా చేపను సంచిలోకి తీసుకుంటుంది. నీళ్లు వంచేస్తుంది. చేపను మింగుతుంది. మనం గంపతో చేపలు దేవినట్టే!

ఎర్రకాళ్ల కొంగ ముక్కు పసుపు రంగు. ఆ ముక్కును కొంచెం తెరిచి నీళ్లలో పెట్టి నడుస్తుంది. చేప తగలగానే టక్కున మూస్తుంది.

నత్తగుల్ల కొంగ ముక్కు నడుమ సందు ఉంటుంది. అది ఎక్కువగా నత్తలనే తింటుంది.

నీటికాకి మునిగి చేపను పడుతుంది. దాని రెక్కలు తడిసిపోతాయి. అందుకే గట్టు మీదో, కర్ర మీదో కూర్చుని రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది.

"పిట్టలు మా చెరువుల్లో చేపలు తినేస్తున్నాయండీ" అని చెరువుల వాళ్లు అంటారు. అది నిజమే. గూడబాతు చేపలే తింటుంది. కానీ ప్రతి పిట్టా చేపల దొంగ కాదు. నత్తగుల్ల కొంగను చూడండి. ఏ పిట్ట ఏం తింటుందో చూసి తెలుసుకోవాలి. ఆ తర్వాతే మాట అనాలి.

పదుల లెక్క

వంద పిట్టలు ఒక్క చోట ఉంటే ఎలా లెక్కపెట్టాలి? ఒక ఉపాయం ఉంది.

ముందు పది పిట్టలను లెక్కపెట్టండి. ఆ పదీ ఎంత మేర ఉన్నాయో కంటితో కొలవండి. అలాంటి గుంపులు మొత్తం ఎన్ని ఉన్నాయో చూడండి. ఎనిమిది గుంపులు ఉంటే 8 పదులు 80. సరిగ్గా 80 ఉండకపోవచ్చు. అందుకని "సుమారు 80" అని రాయాలి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకూడదు.

పుస్తకంలో ఇలా గీతలు గీసి రాయండి:

తేదీ:
సమయం:
చోటు:
పిట్ట పేరు:
ఎన్ని:
ఏం చేస్తున్నాయి:

పేరు తెలియకపోతే రంగు, ముక్కు, కాళ్లు ఎలా ఉన్నాయో రాయండి. తర్వాత తెలిసినవాళ్లను అడగవచ్చు.

రాస్తే ఏమవుతుంది?

"మేం రాస్తే ఎవరు చూస్తారమ్మా?" అని మీరు అడగవచ్చు. ఒక సంగతి వినండి.

కేరళకు చెందిన కె.కె. నీలకంఠన్ గారు ఇంగ్లీషు పాఠం చెప్పే అధ్యాపకుడు. ఆయన ఉద్యోగం పిట్టలను చూడటం కాదు. 1946లో ఆయన పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామంలో గూడబాతుల గూళ్లు చూశారు. చూసింది రాశారు. అది 1949లో అచ్చయింది. తర్వాత 1970ల్లో ఆ గూళ్లు లేకుండా పోయాయి. ఆనాడు ఆయన రాసింది చదివితే, ఇక్కడ ఒకప్పుడు గూడబాతులు పిల్లలను పెంచాయని ఈనాటికీ తెలుస్తుంది.

కొల్లేరు కూడా మారుతూ వచ్చింది. చేపల చెరువులు పెరిగాయి. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు లోపలి కొల్లేటిని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఐదో కాంటూరు అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున ఉన్న గీత. ఆ లోపలి మేర 308 చదరపు కిలోమీటర్లు. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాకు ఎక్కింది. అది లోకంలోని ముఖ్యమైన నీటి నేలల జాబితా. 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టించారు. చాలా కుటుంబాలకు పని పోయింది. ఆ కష్టం మన ఊళ్లలో అందరికీ తెలుసు. కొల్లేటి మీద మాటా మాటా ఈనాటికీ నడుస్తూనే ఉంది.

ఎవరు ఏ పక్షాన మాట్లాడినా లెక్క కావాలి. నీళ్లు ఎంత ఉన్నాయి? పిట్టలు ఎన్ని వచ్చాయి? చేప ఎంత పడింది? లెక్క లేని చోట గొంతు పెద్దవాడిదే మాట అవుతుంది. గట్టు మీద ఉండేది మనం. రోజూ చూసేది మనం. రాయవలసింది కూడా మనమే.

ఖర్చు లేని రోజులు

ఆటపాకలో పడవ ఎక్కితే డబ్బు కట్టాలి. కానీ కాలవ గట్టు మీద, వరిచేను పక్కన, ఊరి చెరువు దగ్గర పిట్టలను చూడటానికి పైసా అక్కర్లేదు.

జనవరిలో ఆసియా దేశాల్లో నీటి పిట్టలను లెక్కపెడతారు. ఇది 1987 నుంచి జరుగుతోంది. లెక్కపెట్టేవాళ్లలో చాలామంది జీతం లేకుండా, ఇష్టంతో వచ్చేవాళ్లే. మనకు అది సంక్రాంతి నెల. మన వైపు లెక్క ఎప్పుడు ఉందో అటవీ శాఖ వారిని అడగండి.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినం. 1928లో ఆ రోజున సి.వి. రామన్ గారు వెలుగును గురించి ఒక కొత్త సంగతి కనిపెట్టారు. ఆ రోజు చాలా బడుల్లో పిల్లలు ప్రయోగాలు చేసి చూపిస్తారు. "మేం కూడా వచ్చి చూడవచ్చా?" అని మాష్టారిని అడగండి. అడగటానికి సిగ్గు ఎందుకు?

జన విజ్ఞాన వేదిక 1988 నుంచి మన రాష్ట్రంలో పని చేస్తోంది. సైన్సును జనం దగ్గరకు తీసుకువెళ్లడం దాని పని. మీ దగ్గర ఆ కార్యకర్తలు ఉంటే, ఏ కార్యక్రమాలు ఉన్నాయో కనుక్కోండి.

జాగ్రత్తలు

పొద్దున్నే వెళ్లండి. పిట్టలు తిండి కోసం తిరిగే వేళ అది. ఎండ కూడా ఉండదు.

చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. గట్టు జారుతుంది.

గూళ్ల దగ్గరకు పోవద్దు. తల్లి ఎగిరిపోతే గుడ్లను, పిల్లలను కాకులు పొడుస్తాయి. ఎండ కొడుతుంది.

రాళ్లు వేయొద్దు. కేకలు వేయొద్దు.

మంచినీళ్లు, తినే వస్తువులు ఇంటి నుంచే తీసుకెళ్లండి. ప్లాస్టిక్ సంచులు తిరిగి ఇంటికి తెచ్చేయండి.

మీరు చేయండి

1. కొల్లేటిలోకి నీళ్లు తెచ్చే రెండు ఏర్ల పేర్లు రాయండి.

2. నత్తగుల్ల కొంగ ఏం తింటుంది? దాని ముక్కు ఎలా ఉంటుంది?

3. పది పిట్టల గుంపులు 12 ఉన్నాయి. మొత్తం సుమారు ఎన్ని పిట్టలు?

4. మీ అత్తగారినో, అమ్మనో అడగండి: "మీ చిన్నప్పుడు కొల్లేట్లో ఏ పిట్టలు ఉండేవి? ఇప్పుడు ఏవి కనిపించడం లేదు?" వాళ్లు చెప్పింది ఐదు వాక్యాల్లో రాయండి. కింద తేదీ వేయండి. మీ పేరు రాయండి.